ఇప్పుడు గంటెంత? రకుగోలో గురువు విద్య శిష్యుడికి అందే దారి

సభకు నమస్కారం. ముందు ఒక కథ చెబుతాను, మిగతా మాటలు ఆ తర్వాత.

నా చేతిలో ఉన్నది మడత విసనకర్ర. జపాన్‌లో సెన్సు అంటారు. మోకాలి పక్కన పెట్టుకున్నది నూలు తువ్వాలు, తెనుగుయి. ఈ సాయంత్రం మనం మాట్లాడుకునే రకుగోకు, అంటే జపాన్‌వాళ్ల కథ చెప్పే కళకు, సరంజామా ఈ రెండే.

ఎదో నగరం, అంటే ఇప్పటి తోక్యో. చలికాలం, నడిరాత్రి. వీధి మూలలో సోబా అమ్మేవాడు నిలబడి ఉన్నాడు. సోబా అంటే బక్‌వీట్ పిండితో చేసే సన్నటి నూడుల్స్, వేడివేడి పులుసులో వేసి ఇస్తారు. ఒకడొచ్చి ఒక గిన్నె అడిగాడు. గిన్నె చేతికొచ్చిందో లేదో పొగడ్తలు మొదలు. చాప్‌స్టిక్స్ ఎంత శుభ్రంగా ఉన్నాయయ్యా, గిన్నె ఎంత బాగుందయ్యా, పులుసు ఘుమఘుమలాడిపోతోంది, నూడుల్స్ ఎంత సన్నగా ఉన్నాయి! (విసనకర్ర కొసను నోటి దగ్గరికి తెచ్చి, జుర్రుకుంటున్న చప్పుడు.) అమ్మేవాడు ఉబ్బిపోయాడు. వెల పదహారు మోన్‌లు. అన్నీ చిల్లర నాణేలే. ‘చెయ్యి పట్టు, లెక్కపెట్టి ఇస్తాను’ అన్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది... ‘అన్నట్టు, ఇప్పుడు గంటెంత?’ ‘తొమ్మిదండి.’ ‘పది, పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు.’ తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

(సభలో నవ్వులు.)

ఒక నాణెం ఎగ్గొట్టాడు. ఇదంతా చీకట్లో నిలబడి ఇంకొకడు చూశాడు. కాస్త మందబుద్ధి. ఇంటికెళ్లి వేళ్లు మడిచి లెక్క వేసుకుంటే అప్పటికి కిటుకు అర్థమైంది. మర్నాడు తెల్లవారినప్పటి నుంచీ ఒకటే ఆత్రం. నడిరాత్రి దాకా ఆగలేక ముందే బయల్దేరాడు. దొరికిన బండి వేరు. చాప్‌స్టిక్స్ ఎవరో వాడి పడేసినవి. గిన్నె అంచు పెచ్చులూడింది. పులుసు ఉప్పుకషాయం, నూడుల్స్ తాళ్లలా ఉన్నాయి. అయినా నిన్న విన్న పొగడ్తలన్నీ కష్టపడి పొగిడాడు. చిల్లర తీశాడు. ఒకటి, రెండు... ఎనిమిది. ‘ఇప్పుడు గంటెంత?’ ‘నాలుగండి.’ ‘ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది...’

అప్పటి జపాన్ గడియారంలో నడిరాత్రి తొమ్మిది. దానికి ముందు జాము నాలుగు. మొదటివాడు ఒక మోన్ మిగుల్చుకుంటే, వీడు నాలుగు మోన్‌లు ఎక్కువిచ్చి ఇంటికెళ్ళాడు.

కథ పేరు తోకి సోబా. తోకి అంటే సమయం. పులిని చూసి నక్క వాత పెట్టుకున్న కథే ఇది, కాకపోతే నూడుల్స్ గిన్నె పట్టుకుని కూర్చుంది. రెండోవాడి తప్పేమిటో మీరు ఇంటికెళ్లాక కూడా ఆలోచించాలని నా కోరిక. మాటలు తప్పలేదు. వరస తప్పలేదు. విన్నది విన్నట్టు అప్పజెప్పాడు. తన గిన్నెలో ఏముందో చూసుకోలేదు, తను నిలబడ్డ వేళ ఏదో చూసుకోలేదు. గురువు దగ్గర విద్య తీసుకోవడమంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పిన పాఠం నాకు ఎక్కడా దొరకలేదు.

ఉద్యోగం మీద ఒసాకాలో తొమ్మిదేళ్లు ఉన్నాను. పగలంతా ఇద్దరి మధ్య కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి చెప్పే పని. సాయంత్రం అయ్యేసరికి ఇతరుల మాటలతో నోరు అలిసిపోయేది. అలాంటి ఒక సాయంత్రం కాళ్లు నన్ను ఒక కథల హాలుకు తీసుకెళ్లాయి. అక్కడా ఒక మనిషి పదిమంది మాటలు ఒక్క నోటితో చెబుతున్నాడు. ఆ మాటలు ఆయనవి కావు, ఆయన గురువువీ కావు. కొన్ని మూడు నాలుగు వందల ఏళ్ల నాటివి. హాలంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

రకుగో అంటే ఏమిటో క్లుప్తంగా చెప్పేస్తాను. మన హరిదాసుగారు కాలికి గజ్జె కట్టి, చిడతలు పట్టి, వేదికంతా కలయదిరుగుతూ కథ చెబుతారు కదా. రకుగో దానికి పూర్తిగా ఎదురు. కళాకారుడు జబుతోన్ అనే చదరపు దిండు మీద, వజ్రాసనంలో కూర్చున్నట్టు కూర్చుంటాడు. కథ పూర్తయ్యేదాకా లేవడు. నడుము పైభాగం, ముఖం, గొంతు, రెండు చేతులు, అంతే. ముందు కాసేపు పిచ్చాపాటీ ఉంటుంది. దాని పేరు మకురా, అంటే తలగడ. పైన వేసుకున్న హఓరి కోటు విప్పాడంటే అసలు కథలోకి దిగుతున్నాడని అర్థం. చివర ఒచి. ఒచి అంటే పడటం. కథ నడుస్తూ నడుస్తూ ఒక్క మాటతో తలకిందులుగా పడుతుంది, అక్కడితో ఆపి వంగి నమస్కారం పెట్టేస్తాడు. పాత్రలు మారినప్పుడు తల ఇటూ అటూ తిప్పుతాడు. ఈ తల తిప్పడం గురించి తర్వాత చెబుతాను, అది చాలా పెద్ద సంగతి.

ఇక శిష్యరికం.

తోక్యోలో మెట్లు ఇలా ఉంటాయి. కొత్తగా చేరినవాడు మినరాయి, చూసి నేర్చుకునేవాడు. తర్వాత జెన్‌జా, సుమారు నాలుగేళ్లు. తర్వాత ఫుతత్సుమె, పదేళ్ల దాకా. అప్పుడు షిన్‌ఉచి, కార్యక్రమం చివర్లో కూర్చునే అర్హత ఉన్నవాడు. షిన్‌ఉచి అయ్యాకే శిష్యుల్ని చేర్చుకోవచ్చు. ఒసాకాలో ఇప్పుడు ఈ షిన్‌ఉచి పద్ధతి లేదు.

నాకు మనసు నిలిచేది జెన్‌జా దగ్గర. షింజుకులో సుఎహిరోతెయి అని పాత చెక్క హాలు ఉంది. రెండు పక్కలా చాపల మీద కూర్చుని చూడొచ్చు. తోక్యోలోని ఇలాంటి హాళ్లలో పది రోజులకొకసారి కళాకారుల జాబితా మారుతుంది, ఏడాది పొడుగునా ఆట ఉంటుంది. నేను ఒక మూల కూర్చుని కథలు చెప్పేవాళ్ల కంటే ఎక్కువగా, కథకీ కథకీ మధ్య వచ్చే కుర్రవాణ్ణి చూసేవాణ్ణి. ఒక కళాకారుడు లేచి వెళ్లగానే ఈ కుర్రవాడు చిన్న చిన్న అడుగులతో వస్తాడు. మోకాళ్ల మీద కూర్చుంటాడు. దిండును తిరగేస్తాడు. దుమ్ము ప్రేక్షకుల వైపు రాకుండా జాగ్రత్తగా తిప్పుతాడు. ఆ దిండుకు మూడు వైపులే కుట్టు ఉంటుంది. కుట్టు లేని అంచు ఎప్పుడూ ప్రేక్షకుల ముఖానికి ఉండాలి, మీకూ మాకూ మధ్య బంధం తెగకూడదని. తర్వాత లేచి పక్కనున్న పేర్ల కాగితం తిప్పుతాడు, తరువాతి కళాకారుడి పేరు కనిపిస్తుంది. పట్టుమని పది సెకన్ల పని. ఇదే పని రోజూ, ప్రతి కళాకారుడి తర్వాతా, ఏళ్ల తరబడి.

తెర వెనక వాడి పని ఇంకా ఎక్కువ. వచ్చిన ప్రతి పెద్దకూ టీ ఇవ్వాలి. ఎవరికి మరిగే టీ కావాలి, ఎవరికి గోరువెచ్చగా కావాలి, ఎవరు వేదిక ఎక్కే ముందు తాగుతారు, ఎవరు దిగాక తాగుతారు, అన్నీ గుర్తుండాలి. కిమొనో విప్పితే ఆయన మడత పద్ధతిలోనే మడవాలి. ఆట మొదలయ్యే ముందు డోలు కొట్టాలి, జనం వెళ్లేటప్పుడూ కొట్టాలి. వీటన్నిటి మధ్యా ఒక పద్దుపుస్తకం రాయాలి. దాని పేరు నెత-చో. ఈ రోజు ఎవరు ఏ కథ చెప్పారో వరసగా కుంచెతో రాస్తారు. ఎందుకంటే ఒకరు చెప్పిన కథ ఆ రోజు ఇంకొకరు చెప్పకూడదు. అదొక్కటే కాదు, తాగుబోతు కథ వచ్చాక మళ్లీ తాగుబోతు కథ, దొంగ కథ వచ్చాక మళ్లీ దొంగ కథ రాకూడదు. అన్నిటికంటే చివర కూర్చునే పెద్దాయన ఆ పుస్తకం తిరగేసి, మిగిలినదేమిటో చూసుకుని, జనం మనసు ఎలా ఉందో గోడ అవతలి నవ్వుల్ని బట్టి అంచనా కట్టుకుని, అప్పుడు తన కథ ఎంచుకుంటాడు. ఏళ్ల తరబడి ఆ పుస్తకం రాసిన కుర్రవాడికి ఏ కథ పక్కన ఏది ఇముడుతుందో ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

టీ ఇవ్వడానికీ కథ చెప్పడానికీ సంబంధమేమిటని ఒసాకాలో నా తోటి ఉద్యోగులు అనేవాళ్లు. నేను ఒప్పుకోను. ఎదుటి మనిషికి ఇప్పుడు ఏం కావాలో అడక్కుండా పసిగట్టడమే ఈ కళలో సగం. తోకి సోబాలో రెండోవాడికి లేనిది సరిగ్గా అదే.

కథ నేర్పే పాత పద్ధతిని సన్‌బెన్-గెయికో అంటారు, మూడుసార్ల సాధన అని. గురువూ శిష్యుడూ ఎదురెదురుగా కూర్చుంటారు. గురువు కథ మొత్తం ఒకసారి చెబుతాడు. ఆ రోజుకు అంతే. ఇంకో రోజు రెండోసారి, మరో రోజు మూడోసారి. రాసుకోవడం లేదు. ఆ తర్వాత శిష్యుడు గురువు ముందు కూర్చుని చెప్పాలి. ఇప్పుడు చాలామంది రికార్డర్ పెట్టుకోనిస్తున్నారు, అయినా చివర గురువు ముందు కూర్చుని ఒప్పజెప్పడం మాత్రం తప్పదు. ఆయన ‘సరే’ అంటేనే ఆ కథ జనం ముందు చెప్పొచ్చు. సొంత గురువు దగ్గరే నేర్చుకోవాలనీ లేదు. ఫలానా కథ ఫలానా పెద్దాయన బాగా చెబుతాడంటే వెళ్లి అడుగుతారు, ఆయన నేర్పుతాడు. దీనికి డబ్బు పుచ్చుకునే ఆనవాయితీ లేదు. తనకు తన గురువు ఊరికే ఇచ్చాడు, తనూ ఊరికే ఇస్తాడు. పాత కథల మీద ఎవరికీ కాపీరైటు లేదు. ఏ పుస్తకంలోనో చదివి చెప్పేస్తే పోలీసులేం రారు. అయినా నేర్చుకోకుండా ఎవరూ చెప్పరు.

ఇప్పుడు నన్ను ఏళ్ల తరబడి వెంటాడిన ఆలోచన చెబుతాను. కొత్త శిష్యుడికి మొట్టమొదట నేర్పే చిన్న కథలు ఏమిటో చూడండి. యానగియ కొసన్ అనే పేరు గురువు నుంచి శిష్యుడికి దిగుతూ వచ్చిన పరంపరలో మొదటి కథ దోకన్. ఇంకా చాలామందికి తొలి రోజుల్లోనే కొహొమె, త్సురు. మూడిటిలోనూ ఒకటే బొమ్మ. అమాయకుడొకడు పెద్దాయన ఇంటికెళ్లి ఒక మంచి మాటో, పద్యమో, విశేషమో వింటాడు. అబ్బా భలే ఉందనుకుని వీధిలోకెళ్లి దాన్ని ఇంకొకరి మీద ప్రయోగిస్తాడు. బోర్లా పడతాడు. అంటే గురువు మాటను మక్కికి మక్కి అప్పజెప్పడం తప్ప ఇంకేమీ తెలియని కుర్రవాడు, గురువు దగ్గర మక్కికి మక్కి నేర్చుకునే మొదటి కథ, మక్కికి మక్కి అప్పజెప్పి భంగపడ్డవాడి కథ! ఎవరో కూర్చుని ఇలా పథకం వేశారని నేననను. పొట్టి కథలు, పాత్రలు ఇద్దరే, అందుకని ముందు నేర్పుతారు. కానీ తరతరాలుగా ఇంతమంది శిష్యుల నోట్లో మొదట పడే ముద్ద ఇదే కావడం నాకు చాలా ఆశ్చర్యంగా, చాలా అందంగా కనిపిస్తుంది.

కొహొమె అంటే పిల్లవాణ్ణి పొగడటం. దాని మూలం ఆన్‌రకుఆన్ సకుదెన్ అనే బౌద్ధ భిక్షువు పోగుచేసిన హాస్యకథల్లో ఉంది. అది 1628 నాటి మాట. హచిగొరో అనేవాడికి ఒక పెద్దాయన కిటుకు చెబుతాడు. ఎవరినైనా వయసెంతని అడుగు, ఎంత చెప్పినా అంతకంటే చిన్నగా కనిపిస్తున్నారని అను, సంతోషించి నీకో గ్లాసు పోయిస్తారని. వీడు అందరి మీదా ప్రయోగించి తిట్లు తిని, చివరికి పురిటింటికి వెళ్తాడు. ఏడు రోజుల పసిగుడ్డు. చిన్నగా ఉన్నాడంటాడు. ఎంత చిన్నగా అంటే...

లేదు, ఆ చివరి మాట ఇప్పుడు చెప్పను.

ఈ కొహొమెకు సంబంధించి ఒక నిజమైన సంఘటన ఉంది. 1936 ఫిబ్రవరి 26న తోక్యోలో కొందరు యువ సైనికాధికారులు తిరుగుబాటు చేశారు. మంచు కురుస్తోంది. సిపాయిల్ని బారులు తీర్చి తీసుకెళ్లి ప్రధాన పోలీసు కార్యాలయాన్ని ఆక్రమించారు. ఆ సిపాయిల్లో 21 ఏళ్ల జెన్‌జా ఒకడున్నాడు. ఎక్కడికి, ఎందుకు తీసుకొచ్చారో అతనికి తెలియదు. వాడు కథలు చెబుతాడట, మనవాళ్లకు కాస్త ఊపు వస్తుంది, చెప్పించండి అని పై నుంచి ఆజ్ఞ. అతను కొహొమె చెప్పాడు. ఒక్కడు కూడా నవ్వలేదు. ఎలా నవ్వుతారు? తెల్లారితే బతుకుతామో లేదో తెలియని జనం. కథ అదే, మాటలు అవే, వేళ అది కాదు.

ఆ కుర్రవాడే తర్వాత 1950లో ఐదో కొసన్ అయ్యారు. 1995లో రకుగో నుంచి సజీవ జాతీయ నిధిగా ప్రభుత్వం గుర్తించిన తొలి వ్యక్తి ఆయనే. తన శిష్యులకు ఆయన ఎదురుగా కూర్చుని నేర్పింది చాలా తక్కువ. విద్య దొంగిలించాలి అనేది ఆయన పద్ధతి. ఆ ఇంటి నుంచి వచ్చిన ఒక మాట నాకు చాలా ఇష్టం. తనుకి, అంటే వాళ్ల కథల్లో వేషాలు మార్చే అడవి జంతువు, దాని కథ చెప్పేటప్పుడు తనుకి మనసుతో ఉండు అని. తనుకిలా నటించు అని కాదు. ఆయన శిష్యుల్లో పదో కొసంజి ఒకరు. ఆయన కథ చెబితే గురువు విని, ‘నీ కథ సరదాగా లేదయ్యా’ అన్నారట. ఎక్కడ బాగోలేదో, ఎలా చెబితే బాగుంటుందో ఒక్క ముక్క చెప్పలేదు. 1969లో 17 మంది పెద్దల్ని దాటి షిన్‌ఉచి అయిన మనిషి కొసంజి. 2014లో ఆయన కూడా జాతీయ నిధి అయ్యారు. జీవితమంతా ఆ మాట ఆయన్ని వదల్లేదు, ఎన్నో చోట్ల తనే చెప్పుకున్నారు. చివరి రోజుల్లో ఆయన కథలు విన్నవాళ్లకు తెలుసు, నవ్వించాలన్న ప్రయత్నమే కనిపించదు. కూర్చుంటారు, టీ తాగుతారు, ఎటో చూస్తారు. జనం ఆగలేక నవ్వుతారు.

అందరు గురువులూ ఇంత మంచివాళ్లేం కాదు. 19వ శతాబ్దపు మహానుభావుడు సన్‌యుతెయి ఎన్‌చో సంగతి చూడండి. 1839లో పుట్టి 1900లో పోయారు. ఇరవై ఏళ్లు దాటీ దాటని వయసులో చివరి స్థానంలో కూర్చునే అవకాశం వచ్చింది. సహాయంగా తన గురువు రెండో ఎన్‌షోను తనకంటే ముందు చెప్పమని కోరాడు. శిష్యుడు అప్పట్లో నాటకంలా తెరలూ సామానూ పెట్టి కథ చెప్పేవాడు. ఆ రాత్రి ఏ కథ కోసం అవి సిద్ధం చేసుకున్నాడో సరిగ్గా ఆ కథనే గురువు ముందు చెప్పేసేవాడట. ఒక రోజు కాదు, రోజూ. గురువు చెప్పాక మళ్లీ అదే ఎలా చెబుతాడు? దారి లేక ఎన్‌చో ఎవరికీ తెలియని కథలు తనే అల్లుకోవడం మొదలుపెట్టాడు. అలా పుట్టిన కథలే నేటికీ పరంపరలో నిలిచాయి. 1884 నుంచి ఆయన చెబుతుంటే షార్ట్‌హ్యాండ్‌లో రాసి అచ్చువేశారు. జనం మాట్లాడే భాషలో వచనం ఎలా రాయాలో వెతుక్కుంటున్న జపాన్ రచయితలకు అది దారి చూపింది. తర్వాత్తర్వాత ఎన్‌చో ఆ తెరలూ సామానూ వదిలేసి ఒక్క విసనకర్రతో మిగిలాడు. జెన్ బౌద్ధ సాధకుడైన యమఓక తెష్షు దగ్గర కూర్చున్నాక ఆయనకు దక్కిన పేరు ముజెత్సు, నాలుక లేనివాడు. యానకలోని జెన్‌షోఆన్ గుడిలో ఆయన సమాధి రాతి మీద ఆ పేరే చెక్కి ఉంది. నేను వెళ్లి ఆ రాయి ముందు చాలాసేపు నిలబడ్డాను. నాలుకతో బతికిన మనిషికి నాలుక లేనివాడని పేరు పెట్టి సాగనంపారు.

పేర్లు అన్నాను కాబట్టి. రకుగోలో పేరు కూడా ఆస్తే. గురువు పేరు శిష్యుడికో కొడుక్కో వస్తుంది, దాన్ని షుమెయి అంటారు. ఐదో కొసన్ అంటే ఆ పేరు మోసిన ఐదో మనిషి. పేరు, రక్తం, విద్య, ఈ మూడూ ఒకే దారిన పోవు. ఐదో షిన్‌షో అని గొప్ప కళాకారుడు. కథ ఇవాళ ఒకలా, రేపు ఇంకోలా చెప్పేవారు. తాగి వచ్చి వేదిక మీదే కునుకు తీస్తే, లేపకండి, పడుకోనివ్వండి అని జనమే అన్నారట. ఆయన కాలంలోనే ఎనిమిదో బున్‌రకు. అక్షరం అటూ ఇటూ కాదు, నిమిషం తేడా రాదు. షిన్‌షో కొడుకు షిన్‌చో 24 ఏళ్లకే, 36 మంది పెద్దల్ని దాటి 1962లో షిన్‌ఉచి అయ్యాడు. ఆయన కథనం వింటే తండ్రి అల్లరి కంటే బున్‌రకు గారి చెక్కడపు పనే ఎక్కువ వినిపిస్తుంది. తండ్రి పేరు తీసుకోకుండానే 2001లో, 63 ఏళ్లకు పోయాడు.

బున్‌రకు గారి చివరి రోజు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1971 ఆగస్టు 31, తోక్యో జాతీయ థియేటర్‌లో చిన్న హాలు. 78 ఏళ్లు. కథ నడుస్తోంది. ఒక పాత్ర పేరు నోటికి రాలేదు. ఆగారు. ‘మళ్లీ చదువుకుని వస్తాను’ అని వంగి నమస్కరించి లేచి వెళ్లిపోయారు. మళ్లీ వేదిక ఎక్కలేదు. ఆ డిసెంబరులో కన్నుమూశారు. ఎప్పుడో ఒకరోజు మతిమరుపు వస్తుందని తెలిసి, ఆ క్షమాపణ ఎలా చెప్పాలో కూడా ఆయన ముందునుంచే సాధన చేసుకునేవారట. నేను దీన్ని చాలామందికి చెప్పాను. కొందరు అయ్యో అంటారు. నాకైతే దుఃఖం కంటే గౌరవమే ఎక్కువ కలుగుతుంది.

పేరు గురించి ఇంకొక్కటి. 1950లో ఒక పెద్దాయన హయషియ షోజో అనే పేరును ఇంకొక కుటుంబం నుంచి తను బతికున్నంత కాలానికి అరువు తీసుకున్నాడు. ఆ కుటుంబంలో వారసుడైన సన్‌పెయి తనకంటే ముందే, 1980లో పోయాడు. ఈయన అప్పటికి 85 ఏళ్లవాడు. ముప్ఫై ఏళ్లు ఆ పేరుతోనే జనం ఎరిగిన మనిషి. బతికున్నంత కాలం అన్న మాట ఉంది కదా, ఉంచుకోవచ్చు. ఉంచుకోలేదు. 1981లో పేరును ఆ ఇంటికి తిరిగిచ్చేసి, హికొరొకు అనే కొత్త పేరు పెట్టుకుని చివరి ఏడాది బతికారు. ఆ పేరు 2005లో సన్‌పెయి కొడుక్కి చేరింది.

ఇవన్నీ గురువు ఉన్నవాళ్ల కథలు. గురువే లేకపోతే?

ఒసాకా వైపు రకుగోను కమిగత రకుగో అంటారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఆ కళ తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. 1947లో కత్సుర బెయిచో అనే యువకుడు నాలుగో యోనెదంజి దగ్గర చేరాడు. నాలుగేళ్లకే, 1951లో, గురువు పోయారు. ఆ గురువు చెప్పిన మాట బెయిచో జీవితాంతం మోశారు. దాని సారం ఇది. కళాకారుడు ఒక బియ్యపు గింజ పండించలేడు, ఒక మేకు చేయలేడు. అయినా మద్యం బాగుందనీ బాగోలేదనీ అంటూ, ఇష్టమైన కళతో బతుకు గడిపేస్తాడు. అందుకని ఆశపడకూడదు. విలువ లోకం కడుతుంది. విద్యను మెరుగుపరుచుకోవడం తప్ప లోకం బాకీ తీర్చే దారి ఇంకోటి లేదు. ఇందులోకి వచ్చాక చివరి రోజులు దీనంగా గడుస్తాయని ముందే సిద్ధపడి ఉండాలి.

1953లో రెండో హరుదంజి కూడా పోయాక, కమిగత రకుగో పని అయిపోయిందనే అన్నారు. బెయిచో, ఆయన తోటి మరో ముగ్గురు, షోకకు, బున్‌షి, మూడో హరుదంజి, దాన్ని చేతుల్లో పెట్టి కాపాడారు. బెయిచో ఎప్పుడో మానేసి ఇంట్లో కూర్చున్న ముసలి కళాకారుల్ని వెతుక్కుంటూ వెళ్లారు. ఒకరికి మొదలు గుర్తుంది, ఇంకొకరికి చివరి మాట గుర్తుంది. పాత అచ్చు ప్రతులు తిరగేశారు. ముక్కలు అతికారు. అతుకు కుదరని చోట తన మాట వేశారు. యమలోకయాత్ర మీద గంటకు పైగా సాగే కథ ఒకటి అలాగే మళ్లీ నిలబడింది. ఇక్కడ మక్కికి మక్కి దించడానికి ఎదురుగా గురువే లేడు. అయినా ఇది వారసత్వమే, నా దృష్టిలో దీన్ని మించినది లేదు. అలా సంపాదించిన కథల్ని దాచుకోలేదు. పుస్తకాలుగా అచ్చువేయించారు, వేరే గురువుల శిష్యులు అడిగినా నేర్పారు. 2006లో ఒసాకాలో తెన్మ తెన్‌జిన్ హన్‌జోతెయి అనే హాలును కమిగత రకుగో కళాకారుల సంఘం తెరిచింది, అరవై ఏళ్ల తర్వాత ఆ ఊరికి సొంత రకుగో హాలు. 2015లో బెయిచో పోయేనాటికి ఆయన శిష్యులు, శిష్యుల శిష్యులతో ఆ ఇల్లు పెద్ద చెట్టయింది.

అన్నట్టు, తోకి సోబా కూడా మొదట తోక్యోది కాదు. ఒసాకాలో అది తోకి ఉదోన్, లావు నూడుల్స్ కథ. మెయిజి చక్రవర్తి కాలంలో మూడో కొసన్ దాన్ని తోక్యో తీసుకెళ్లారు. అక్కడివాళ్లు రాత్రిపూట తినేది సోబా కాబట్టి గిన్నెలో సోబా వేశారు. జుర్రే చప్పుడు కూడా మారిపోయింది. ఉదోన్‌కు బరువుగా, (చప్పుడు చేసి) సోబాకు తేలిగ్గా, (చప్పుడు). వేళ చూసుకున్నవాడు అంటే ఆయన.

నేను ఉన్న పేటలో కమ్యూనిటీ హాలు ఉండేది. శనివారం సాయంత్రాలు ఒక ముసలాయన ఆసక్తి ఉన్నవాళ్లకు రకుగో నేర్పేవారు. వృత్తి కళాకారుడు కారు, చిన్నప్పటినుంచి విని, ఒక పెద్దాయన దగ్గర కొన్నాళ్లు కూర్చుని నేర్చుకున్నవారు. నాకు కొహొమె మూడు శనివారాలు మూడుసార్లు చెప్పారు. రాసుకోనివ్వలేదు. నాలుగో వారం నేను చెప్పాను. ఆ తర్వాత ఎన్ని వారాలు చెప్పానో లెక్కలేదు. ఒకరోజు, మా ఊరు వెళ్లాక దీన్ని నా భాషలో చెప్పొచ్చా అని అడిగాను. ముందు నాకు చెప్పు అన్నారు. తెలుగులో మొత్తం చెప్పాను. ఆయనకు ఒక్క ముక్క తెలియదు. కళ్లార్పకుండా చూశారు. అయ్యాక ఒకటే అన్నారు: ‘పెద్దాయన రెండుసార్లు లేచి వెళ్లిపోయాడు.’

నాకు అర్థం కాలేదు. వాళ్ల పద్ధతిలో ఇంటి పెద్ద నాకు ఎడమ పక్క కూర్చున్నట్టు లెక్క. వచ్చినవాడు కుడి పక్క. హచిగొరో మాట్లాడేటప్పుడు నేను ఎడమవైపు, కాస్త పైకి, ఒకే బిందువును చూడాలి. పెద్దాయన మాట్లాడితే కుడివైపు, కాస్త కిందికి. చూపు ఆ చోటు తప్పితే, అక్కడ కూర్చున్న మనిషి కదిలిపోతాడు, చూసేవాళ్లకు ఎందుకో కథ పట్టు తప్పుతుంది. తెలుగు మాటలు వెతుక్కునే చోట నా చూపు రెండుసార్లు జారిందట. ఇంటికెళ్లి గోడకు ఒక కాగితం ముక్క అతికించి, నెల్లాళ్లు దానితో మాట్లాడాను. మళ్లీ వెళ్లి చెప్పాను. ఈసారి మొత్తం విని, విసనకర్ర మడిచి ముందు పెట్టి, ‘కూర్చున్నాడు’ అన్నారు. ఈ కథకు నాకున్న అనుమతి అదే.

ఇంకా పదిహేను నిమిషాలు టైముందని అధ్యక్షులు చెబుతున్నారు. కొహొమె పది నిమిషాలు పడుతుంది. పురిటింట్లో వాడు ఏమన్నాడో అక్కడే వినండి. బాబూ, నువ్వు ఒకసారి ఇలా వచ్చి ఈ దిండు తిరగేసి పెట్టు. అలా కాదు, నీవైపుకు తిప్పు, దుమ్ము వాళ్లమీదికి వెళ్తుంది. కుట్టు లేని అంచు అటు, వాళ్లవైపు. ఆఁ, అంతే.

(వక్త కూర్చుని, విసనకర్రను ముందు పెట్టి నమస్కరించారు.)